గాడ్‌ఫాదర్: అడగడానికి వచ్చినవాళ్ళు

మొదట తెర మీద ఏమీ ఉండదు. నలుపు. ఆ నలుపులోంచి ఒక మగ గొంతు, తనకి అమెరికా అంటే నమ్మకమని చెబుతుంది. తర్వాత మొహం కనిపిస్తుంది. బట్టతల, మీసం, నల్ల కోటు. పేరు బొనసేరా. శవాలని శుభ్రం చేసి, అలంకరించి, పెట్టెలో పడుకోబెట్టడం అతని వృత్తి. కూతుర్ని ఇద్దరు కుర్రాళ్ళు దవడ పగిలేలా కొట్టారు. జడ్జి శిక్ష వేసినట్టే వేసి అదే రోజు ఇంటికి పంపించేశాడు. అతను చెబుతూ ఉంటే మనం చాలా నెమ్మదిగా వెనక్కి జరుగుతూ ఉంటాం, దాదాపు మూడు నిమిషాల పాటు. ఎదురుగా ఎవరో కూర్చున్నారన్న సంగతి ముందు ఒక చెయ్యి చెబుతుంది. బొనసేరాకి ఏడుపొచ్చి మాట ఆగిపోతే ఆ చెయ్యి కొంచెం కదులుతుంది, ఎవరో గ్లాసులో ఏదో పోసి తెచ్చి ఇస్తారు. ఆ చేతి తాలూకు మనిషి మొహం ఇంకా చూపించరు.

1972లో వచ్చిన ‘ది గాడ్‌ఫాదర్’లో నాకు బాగా ఇష్టమైన సీన్లలో మొదటిది ఇదే. మా ఫ్రెండ్స్‌లో ఎవర్నడిగినా గుర్రం తలకాయ అంటారు, లేదంటే చివర్లో బాప్టిజం సీన్ అంటారు. గుర్రం సంగతి నాకు పెద్దగా ఎక్కదు. ఒకసారి ఉలిక్కిపడ్డాక రెండోసారి చూడ్డానికి అందులో ఏముందని? బొనసేరా సీన్ మాత్రం ఎన్నిసార్లు చూసినా కొత్తగా ఏదో దొరుకుతుంది. దానికి కారణం కొప్పోలా ప్రతిభ ఒక్కటే కాదు. ఆ గది నాకు తెలుసు.

మా నాన్న వడ్డీ వ్యాపారం చేసేవాడు. గుంటూరు జిల్లాలో ఒక చిన్న ఊరు. గూండాలు, కత్తులు లాంటివేం ఊహించుకోకండి. ముందుగదిలో ఒక బల్ల, ఒక ఇనప బీరువా, నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు, ఒక స్టాంపుల డబ్బా. అంతే. పొద్దున ఆరింటికల్లా అరుగు మీద ఎవరో ఒకరు ఉండేవాళ్ళు. లోపలికి రమ్మంటే వచ్చి కుర్చీ అంచు మీద కూర్చునేవాళ్ళు. కుర్చీ మొత్తం వాళ్ళదే అయినా అంచు మీదే. వచ్చిన పని వెంటనే చెప్పరు. వానలు, మిరప ధర, ఎవరింట్లోనో పెళ్ళి. నాన్న “ఊఁ, ఇంకేంటి” అనేదాకా అవన్నీ నడవాలి. అప్పుడు గొంతు తగ్గించి “అన్నయ్యా, చిన్న అవసరం పడింది” అనేవాళ్ళు. అది ఎప్పుడూ చిన్న అవసరమే. ఆస్పత్రి ఖర్చైనా సరే, కూతురి పెళ్ళైనా సరే.

నాన్న గొంతు పెంచడం నేనెప్పుడూ వినలేదు. పెంచాల్సిన అవసరం రాలేదు. వింటూ, బల్ల మీద పెన్ను క్యాప్ తీసి పెడుతూ ఉండేవాడంతే. మార్లన్ బ్రాండో ఒళ్ళో ఉన్న పిల్లిని నిమురుతుంటాడు చూడండి, అలా. (ఆ పిల్లి స్క్రిప్టులో లేదట. స్టూడియోలో తిరుగుతున్నదాన్ని కొప్పోలా తీసుకొచ్చి బ్రాండో చేతిలో పెట్టాడంటారు.) కెమెరామన్ గోర్డన్ విల్లిస్ లైట్లని నెత్తి మీదనుంచి పడేలా పెట్టాడు. అందువల్ల డాన్ వీటో కళ్ళు ఉండాల్సిన చోట నీడ ఉంటుంది. ఎదుటి మనిషి ఏమనుకుంటున్నాడో కనిపెట్టాలంటే చూడాల్సింది కళ్ళనే కదా. అవే కనపడవు. అడగడానికి వచ్చినవాడికి ప్రపంచం ఎలా కనిపిస్తుందో అలా ఉంటుంది ఆ లైటింగ్.

ఇంకో సంగతి. డాన్ వీటోకి బొనసేరా కోరిక మీద కోపం లేదు. అడిగిన తీరు మీద కోపం. ఇన్నేళ్ళలో ఒక్కసారైనా కాఫీకి పిలవలేదు, నీ బిడ్డకి జ్ఞానస్నానపు తల్లి నా భార్యే అయినా మా గడప తొక్కలేదు, ఇవాళ డబ్బెంత కావాలని అడుగుతావా అని దెప్పుతాడు. డబ్బిచ్చేస్తే అక్కడితో లెక్క తేలిపోతుంది. ఆయనకి లెక్క తేలకూడదు. చివరికి బొనసేరా తలొంచి, చెయ్యి ముద్దుపెట్టుకుని, ‘గాడ్‌ఫాదర్’ అన్నాక పని ఒప్పుకుంటాడు. ఎప్పుడో ఒకరోజు నిన్ను ఒక సాయం అడుగుతాను, ఆ రోజు రాకపోనూ వచ్చు అంటాడు. తారీఖు వెయ్యని నోటు అది. మా నాన్న కనీసం తారీఖు వేసేవాడు.

కొప్పోలా ఇక్కడ మనకి తెలియకుండానే ఒక పని చేస్తాడు. మారియో పూజో నవలలోంచి వచ్చిందే అయినా సినిమాలో ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. ఈ మూడు గంటల్లో కార్లియోన్ కుటుంబం వల్ల నలిగిపోయిన మామూలు మనిషి ఒక్కడు కూడా కనపడడు. మామూలు మనుషులు వస్తారు. బొనసేరా వస్తాడు, కాబోయే అల్లుణ్ణి ఇటలీకి పంపెయ్యకుండా చూడమని బేకరీ యజమాని నాజొరీన్ వస్తాడు. ఇద్దరికీ మేలే జరుగుతుంది. దెబ్బ తినేవాళ్ళేమో వీటో కన్నా చెడ్డవాళ్ళు. చిన్నపిల్లల మీద కన్నేసే సినిమా నిర్మాత, లంచగొండి పోలీసు కెప్టెన్, మత్తుమందు వ్యాపారి. జూదం నుంచీ యూనియన్ల నుంచీ డబ్బొస్తుందని మాటల్లో వింటాం తప్ప ఆ డబ్బు ఎవరి జేబులోంచి వస్తోందో చూపించరు. నెలాఖరున కట్టలేకపోయినవాడి ఇంటికి కెమెరా వెళ్ళదు.

మణిరత్నం ‘నాయకుడు’ (1987) ఈ విషయంలో కొంచెం నిజాయితీగా ఉంటుందేమో. అక్కడ మనవడు తాతని సూటిగా అడిగేస్తాడు, నువ్వు మంచివాడివా చెడ్డవాడివా అని. గాడ్‌ఫాదర్‌లో ఆ ప్రశ్న వేసే పిల్లాడు లేడు. అయినా నేను మళ్ళీ మళ్ళీ చూసేది గాడ్‌ఫాదర్‌నే, ఎందుకో తర్వాత చెబుతాను.

రెండోది ఆస్పత్రి సీన్. వీటోని కాల్చారు, బతికాడు. చిన్నకొడుకు మైకేల్ రాత్రిపూట చూడ్డానికి వెళతాడు. అప్పటికి మైకేల్ కుటుంబ వ్యాపారానికి బయట ఉన్నవాడు. యుద్ధంలో పతకాలు తెచ్చుకున్నవాడు, కాలేజీ చదువుకున్నవాడు. పెళ్ళి సీన్‌లో కే అనే తన గర్ల్‌ఫ్రెండ్‌తో, అది మా కుటుంబం, నేను కాదు అని చెప్పినవాడు. ఆస్పత్రిలో మనుషులు ఉండరు. టేబుల్ మీద సగం తిన్న శాండ్‌విచ్ ఉంటుంది. ఖాళీ కారిడార్లు ఒకదాని తర్వాత ఒకటి చూపిస్తారు. ఆ ఖాళీ షాట్లు ఎడిటింగ్‌లో సరిపోకపోతే, ‘కట్’ చెప్పాక కెమెరా ఇంకా తిరుగుతున్నప్పుడు పడిన ముక్కల్ని ఏరి అతికించమని జార్జ్ లూకాస్ సలహా ఇచ్చాడట. అంటే మనల్ని భయపెడుతున్నది నటీనటులు వెళ్ళిపోయాక మిగిలిన ఫిల్ము.

మైకేల్, నర్సు కలిసి మంచాన్ని వేరే గదిలోకి తోస్తారు. మైకేల్ తండ్రి చెవి దగ్గరకి వంగి, నేను చూసుకుంటాను, నేను నీతో ఉన్నాను అంటాడు. వీటో కళ్ళలో నీళ్ళు. సంతోషమేనా? నాకు మొదట్లో సంతోషమే అనిపించేది. ఇప్పుడు చూస్తే, ఇన్నాళ్ళూ దూరంగా పెట్టిన పిల్లాడు ఇంత దగ్గరకి వచ్చేశాడే అన్న దిగులు కూడా కనిపిస్తోంది. అది బ్రాండో పెట్టాడో నేను పెట్టుకున్నానో.

అంతలో చేతిలో పూలతో ఎన్జో వస్తాడు. నాజొరీన్ అడిగింది ఈ అల్లుడి కోసమే. చేసిన మేలు గుర్తుపెట్టుకుని పరామర్శకి వచ్చాడు పాపం. మైకేల్ అతన్ని ఆస్పత్రి మెట్ల మీద తన పక్కన నిలబెట్టి, కోటు కాలరు పైకెత్తి, జేబులో తుపాకి ఉన్నట్టు చెయ్యి పెట్టుకోమంటాడు. నల్ల కారు వచ్చి, నెమ్మదించి, వెళ్ళిపోతుంది. ఎన్జో సిగరెట్ వెలిగించుకోబోతే చేతులు వణికి లైటర్ వెలగదు. మైకేల్ తీసుకుని వెలిగిస్తాడు. వెలిగించాక తన చేతిని తనే ఒక్క క్షణం చూసుకుంటాడు. వణకడం లేదు.

మాట లేదు, మ్యూజిక్ పెంచడం లేదు. కథ మొత్తం ఆ చేతి దగ్గర మలుపు తిరుగుతుంది. తర్వాత రెస్టారెంట్లో ఇద్దర్ని కాల్చడం ఈ సీన్‌కి కొనసాగింపే. (అక్కడ కూడా తుపాకి కన్నా నాకు ఆ రైలు చప్పుడే గుర్తుంటుంది. కనపడని రైలు ఒకటి మైకేల్ బుర్రలోంచి వెళుతున్నట్టు పెరుగుతూ పెరుగుతూ వస్తుంది. వాల్టర్ మర్చ్ పని.) మైకేల్‌ని లోపలికి లాగింది డబ్బాశ కాదు, పదవి మీద మోజు కాదు. తండ్రి ఆస్పత్రిలో ఒంటరిగా ఉన్నాడు. ఆ పరిస్థితిలో ఏ కొడుకైనా చేసే పనే చేశాడు. నన్ను భయపెట్టేది అదే.

నాన్నకి పక్షవాతం వచ్చిన నెలలో నేను హైదరాబాద్ నుంచి సెలవు మీద ఇంటికెళ్ళాను. ఒక పొద్దున ఒకాయన వచ్చాడు. ఐదు వేలు చేతిలో పెట్టుకుని, కుర్చీ అంచు మీద. ప్రాంసరీ నోటుకి మూడేళ్ళు దాటితే కాలదోషం పడుతుంది, కోర్టుకి పనికిరాదు. ఆ లోపల కొంత కట్టి, నోటు వెనక చెల్లు రాయించి సంతకం పెడితే మళ్ళీ మూడేళ్ళు ప్రాణం వస్తుంది. ఆయన నోటుకి ఇంకో నాలుగు రోజులే ఉంది. ఊరుకున్నా ఆయన్ని అడిగేవాళ్ళు లేరు, నాన్న మంచం మీద ఉన్నాడు. కానీ మాట పోకూడదని వచ్చాడు. బీరువా తీసి, నోటు వెతికి, నాన్న కుర్చీలో కూర్చుని వెనక చెల్లు రాశాను. తారీఖు, అంకెల్లో, అక్షరాల్లో. ఆయన సంతకం పెట్టి, కాగితం దూరంగా పట్టుకుని చూసి, “అచ్చం మీ నాన్న రాతే బాబూ” అన్నాడు. మెచ్చుకోలుగానే అన్నాడు.

మైకేల్ లైటర్ అప్పుడే గుర్తొచ్చిందని రాస్తే అతికించినట్టుంటుంది. అప్పుడేం గుర్తు రాలేదు. లెక్క సరిపోయిందా లేదా అన్నదే చూసుకున్నాను. ఆ పని నాకు చాలా సులువుగా వచ్చేసిందన్న సంగతి రాత్రెప్పుడో తట్టింది.

కొంచెం తేలికైనది ఒకటి చెప్పుకోవాలంటే క్లెమెంజా వంట. ఇరవై మందికి వండాల్సొస్తే పనికొస్తుందని మైకేల్‌ని పొయ్యి దగ్గరకి పిలిచి సాస్ చెయ్యడం నేర్పిస్తాడు. నూనె, వెల్లుల్లి, టమాటాలు, మాంసం ఉండలు, కాస్త వైన్, కొంచెం పంచదార. ఇదే క్లెమెంజా తర్వాత మైకేల్‌కి తుపాకి ఎలా పట్టుకోవాలో, కాల్చాక ఎలా వదిలెయ్యాలో నేర్పుతాడు. రెండూ ఒకే గొంతుతో. వంటకి ముందే, నమ్మకద్రోహం చేసిన డ్రైవర్ని కార్లోనే కాల్పించి, పెళ్ళాం తెమ్మన్న కనోలీల డబ్బా మర్చిపోకుండా పట్టుకెళతాడు. దూరంగా గడ్డి మీదుగా లిబర్టీ విగ్రహం చిన్నగా కనిపిస్తూ ఉంటుంది. ఆ కనోలీల మాట నటుడు రిచర్డ్ కాస్టెల్లానో అప్పటికప్పుడు కలిపాడంటారు. చంపడం వీళ్ళకి ఒక డ్యూటీ, దారిలో మిఠాయి కొనుక్కురావడం లాంటిదే. బాప్టిజం సీన్‌లో చర్చికీ హత్యలకీ మధ్య కత్తిరించి కత్తిరించి చూపించిన విషయం కూడా ఇదేగా? అక్కడ దర్శకుడు వేలు పెట్టి మరీ చూపిస్తాడు, ఇక్కడ చూపించడు. నా ఓటు మిఠాయి డబ్బాకే.

తోటలో తండ్రీకొడుకులు మాట్లాడుకునే సీన్ ఇంకా మిగిలింది. ‘తర్వాత చెబుతాను’ అన్నది దీని గురించే.

వీటో ముసలివాడయ్యాడు. పెద్దకొడుకు సానీ పోయాడు. కుర్చీ మైకేల్‌ది. ఇద్దరూ ఇంటి వెనక కూర్చుంటారు. పూజో నవలలో ఇలాంటి సీన్ లేదు. షూటింగ్ నడుస్తుండగా, తండ్రీకొడుకుల మధ్య ప్రేమ ఎక్కడా సరిగా బయటపడలేదని కొప్పోలాకి అనిపించి, రాబర్ట్ టౌన్‌ని పిలిపించి రాయించుకున్నాడు. టైటిల్స్‌లో టౌన్ పేరు ఉండదు. ఆస్కార్ తీసుకుంటున్నప్పుడు కొప్పోలా వేదిక మీద ఆయన పేరు చెప్పాడు.

ఆ సీన్‌లో వీటో ఒక పద్ధతిగా మాట్లాడడు. మీటింగ్ పెడదామని మనవాళ్ళలో ఎవడు కబురు తెస్తాడో వాడే ద్రోహి అంటాడు. ఈమధ్య వైన్ ఎక్కువ తాగుతున్నానంటాడు. పెళ్ళాం పిల్లలతో సుఖంగా ఉన్నావా అని అడుగుతాడు. మళ్ళీ జాగ్రత్తల దగ్గరకి వస్తాడు. మైకేల్, నేను చూసుకుంటానని చెప్పాను కదా నాన్నా అంటాడు. అప్పుడు లేచి, దగ్గరకొచ్చి కూర్చుని అసలు మాట చెబుతాడు. సానీ ఎలాగూ ఇందులోకి వస్తాడని తెలుసు, నువ్వు మాత్రం రాకూడదనుకున్నాను, నువ్వు సెనేటర్ అవుతావనో గవర్నర్ అవుతావనో అనుకున్నాను, టైం సరిపోలేదు. తను చేసిన పనికి మాత్రం క్షమాపణ చెప్పడు. కుటుంబం కోసం చేశాను, ఎవరి చేతిలోనూ తోలుబొమ్మని కాలేదు అంటాడు. పశ్చాత్తాపం పెట్టి ఉంటే సీన్ చచ్చిపోయేది. మనవాళ్ళయితే తప్పకుండా పెట్టేవాళ్ళు, ఒక పాటతో సహా.

మా నాన్న చివరి ఆరు నెలలు దొడ్లో మునగచెట్టు కింద మడతకుర్చీలో కూర్చునేవాడు. మాట ముద్దగా వచ్చేది. సెనేటర్ లాంటి మాటలేం అనలేదు. నన్ను ఎనిమిదో క్లాసులో తీసుకెళ్ళి విజయవాడ హాస్టల్లో పడెయ్యడమే ఆయన అన్నమాట. సెలవులకి వచ్చినప్పుడు ముందుగదిలో తచ్చాడితే “ఇక్కడ నీకేం పని, పో, చదువుకో” అనేవాడు. అలాంటి మనిషి దొడ్లో కూర్చుని మొదలుపెట్టేవాడు. ఫలానా ఆయన ఆలస్యంగా ఇస్తాడు కానీ ఎగ్గొట్టడు. ఫలానా వాళ్ళ దగ్గర అసలు చాలు, వడ్డీ అడగొద్దు. ఆ చెరువు పక్కాయన నోటు తారీఖు చూశావా?

“చూశాను నాన్నా.”

కాసేపు ఊరుకుని, మునక్కాయలు లెక్కపెడుతున్నట్టు పైకి చూసి, “తారీఖు చూశావా?”

తోట సీన్‌లో బ్రాండో అలా మళ్ళీ అదే మాటకి వచ్చినప్పుడల్లా నాకు నవ్వూ ఏడుపూ కలిసి వస్తాయి. రాకూడదని అంత గట్టిగా అనుకున్న కొడుక్కే అప్పగింతలు పెట్టాల్సి రావడం. ప్రేమంతా జాగ్రత్తల రూపంలోనే బయటికి రావడం. ‘నాయకుడు’ మంచీ చెడూ అడుగుతుంది, అది పెద్ద ప్రశ్నే. గాడ్‌ఫాదర్ అది అడగకుండా, చెడు మనకి ఇంటి భాషలో, నాన్న గొంతుతో ఎలా అందుతుందో చూపిస్తుంది. అందుకే వదల్లేను. నాన్నది చెడు అని రాయడానికి చెయ్యి రావడం లేదు, కాదని రాయడానికీ రావడం లేదు. రెండు రూపాయల వడ్డీకి అప్పిచ్చి, ఆస్పత్రికి వెళ్ళాల్సినవాణ్ణి రాత్రి పన్నెండింటికి కూడా వట్టి చేతులతో పంపని మనిషి. కుర్చీ అంచు మీద కూర్చున్నవాణ్ణి కాస్త వెనక్కి జరిగి కూర్చోమని ఒక్కసారీ అనని మనిషి.

ఆయన పోయి మూడో ఏడు. నోట్లు బీరువాలోనే ఉన్నాయి. కొన్నిటికి ఇప్పటికే కాలదోషం పట్టింది. నేను రాసిన చెల్లుకి ఇంకా పట్టలేదు.

సినిమా ఆఖరి సీన్ మీకు గుర్తుండే ఉంటుంది. చెల్లెలి భర్తని చంపించావా అని కే అడుగుతుంది. మైకేల్ కోపం తెచ్చుకుని, బల్ల గుద్ది, ఈ ఒక్కసారికే నా వ్యవహారాల గురించి అడగనిస్తానని, లేదు అని అబద్ధం చెబుతాడు. ఆమె గుండెల మీద బరువు దిగి, పక్క గదిలోకి వెళ్ళి గ్లాసుల్లో డ్రింక్ పోస్తుంటుంది. ఈలోపు మనుషులు వస్తారు. క్లెమెంజా మైకేల్ చెయ్యి ముద్దుపెట్టుకుంటాడు. ఎవరో వచ్చి తలుపు వేస్తారు. మనం లోపల ఉండిపోతాం, కే మొహం తలుపు వెనక మాయమవుతుంది.

మా అమ్మ కూడా ముందుగదిలోకి వచ్చేది కాదు. కాఫీ గ్లాసులు కిటికీలో పెట్టి వెళ్ళిపోయేది. పోయిన సంక్రాంతికి లాప్‌టాప్‌లో ఈ సీన్ ఒక్కటే అమ్మకి చూపించాను, కథ క్లుప్తంగా చెప్పి. శ్రద్ధగా చూసింది. తలుపు పడ్డాక, “ఆ అమ్మాయికి నిజంగా తెలీదా?” అంది. తెలీదు, ఇప్పుడే తెలుస్తోంది అన్నాను.

“తలుపేస్తే మాత్రం మాటలు వినపడవేంట్రా” అంది అమ్మ. “నాకు ఎవరెంత ఇవ్వాలో అన్నీ తెలుసు.” నేను ఇంకేదో అడిగేలోపు, పాలు పొయ్యి మీద ఉన్నాయని లేచి వెళ్ళింది.